మడుగు బురదా, మా యారాలి కన్నూ

మొన్న ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు పట్టుకొని బాల్కనీలో కూర్చున్నానో లేదో నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. మంచుకొండల నడుమ నీలంగా ఒక సరస్సు, దాని మీద రబ్బరు పడవ, ఆ పడవలో చెవుల దాకా ఉన్ని టోపీ దించుకొని, నిలువెత్తు గొట్టం ఒకటి చేత పట్టుకొని నవ్వుతున్న మా యారాలు. తోడికోడలిని మా వైపు యారాలంటారు. ఆ ఫొటోను రెండు వేళ్లతో సాగదీసి సాగదీసి చూశాను. మొదట మొహంలో ముడతలు వెతికాను, దొరికాయి. తరువాత జుట్టు చూశాను, టోపీలోంచి జారిన పాయ తెల్లగానే ఉంది. కాస్త మనసు కుదుటపడిందనుకునే లోపల చూపు ఆ గొట్టం మీదికి పోయింది, పోయేసరికి, అరవై దాటాక ఇంక రాదనుకున్న మంట ఒకటి గొంతు కింద మెల్లగా రాజుకుంది. చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

అసూయ గురించి మన తరం ఆడవాళ్లం ఎప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పుకున్న పాపాన పోలేదు. ఓర్వలేనితనం ఎప్పుడూ పక్కింటావిడదే, మనకుండేది మాత్రం బాధ. నేనూ అట్లాగే అనుకుంటూ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, పిల్లల పెళ్లిళ్లు చేసి, ఉద్యోగం చాలించి కూర్చున్నాను. ఇంకా దాచుకొని ఎవరికిచ్చి పోతాననిపించి ఇవాళ రాయడానికి పూనుకున్నాను. మీలో ఒక్కరైనా ఇది చదువుతూ ఎవరో ఒకరిని తలచుకొని తల వంచుకుంటే నాకు తోడు దొరికినట్టే.

అప్పట్లో మేం ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో ఉండేవాళ్లం. ఇప్పుడంటే నిమిషానికొక షేర్ ఆటో పోతోంది గానీ ఆనాడు మా ఇంటి వెనక గోడ దాటితే పత్తి చేలు. అత్త, మేము, పెళ్లికాని మరిది, అందరికీ కలిపి ఒక్కటే వంటిల్లు. నా పుట్టిల్లు దమ్మపేట. వ్యవసాయదారుల ఇంట్లో పుట్టి, మా బంధువర్గంలో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్లను కావడం వల్ల, కాపురానికి వచ్చేనాటికే నా నెత్తిమీద ఎవరికీ కనపడని కిరీటం ఒకటి ఉండేది. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. మా అత్త చుట్టాల ముందు నన్ను పేరుతో పిలవడం మానేసి "మా మేడం" అనేది. ఆ మాట కోసం నేను గంజి పెట్టిన చీర నలగకుండా వంట చేయడం కూడా నేర్చుకున్నాను.

ఉద్యోగం చేసుకుంటూనే యూనివర్సిటీలో ఒక సారు దగ్గర పరిశోధనకు చేరాను. ఆయన నాకిచ్చిన పని మడుగు బురద. నవ్వకండి. నీళ్లలో డయాటమ్‌లని ఒక రకం నాచు ఉంటుంది, మనం చూసే పచ్చటి పాకుడు కాదు, మైక్రోస్కోపు కింద పెడితే తప్ప కంటికి ఆనదు. ఒక్కొక్కటి ఒకే ఒక కణం, ఆ కణం చుట్టూ గాజులాంటి పెంకు, ఆ పెంకు మీద దువ్వెన పళ్లలాగా సన్నటి గీతలు. అది చచ్చిపోయినా పెంకు చెడదు, అడుగుకు దిగి బురదలో కలుస్తుంది. మడుగు నిండుగా ఉన్న ఏళ్లలో నీటి మీద తేలే జాతుల పెంకులు ఎక్కువ పడతాయి. వానలు లేక నీళ్లు ఇంకి, గడ్డి లోపలిదాకా వచ్చిన ఏళ్లలో ఆ గడ్డి కాడలకూ రాళ్లకూ అంటుకొని బతికే జాతులవి ఎక్కువ పడతాయి. ఏటికేడు పొర మీద పొర పేరుకుంటుంది కాబట్టి లోతుకు పోయినకొద్దీ పాతకాలం. ఒక్కో పొరలో ఏ పెంకులు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటూ పోతే, వాన లెక్కలు రాసిపెట్టేవాళ్లెవరూ లేని రోజుల్లో కూడా ఎప్పుడు కురిసిందో ఎప్పుడు ఎండిందో చెప్పవచ్చు. మా సారు ఏరికోరి చూపించిన మడుగు టేకులపల్లి అవతల, అడవిలో, గుట్టల నెత్తిన ఉన్న గిన్నెలాంటి పల్లంలో ఉంది. ఏ ఏరూ కలవదు, పడిన వానే దానికి ఆధారం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మరిదికి ఆ గుట్ట కింది ఊరి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల కొత్తగూడెంలో బీఎస్సీ చదివింది, పక్కనున్న గూడెం వాళ్ల భాష వచ్చు, అడవి దారులన్నీ తెలుసు. ఇంట్లో మిగతావాళ్లు ఊరు మరీ దూరమని నసుగుతుంటే, నా పనికి దారి దొరికిందని పట్టుబట్టి ఆ పెళ్లి జరిపించింది నేనే. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నామీద నాకే నవ్వొస్తుంది.

మా యారాలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. చామనఛాయ, పెద్ద అందగత్తె ఏమీ కాదు, మాట తక్కువ. వాళ్ల నాన్న బీడీలు చుట్టే తునికాకు కల్లం చూసుకునేవాడట, చిన్నప్పటినుంచీ వేసవి సెలవులన్నీ ఆ కల్లంలోనే గడిపిందట. ఆకుల కట్టను చేతిలోకి తీసుకొని విసనకర్రలా ఒక్కసారి విప్పి మూసేలోపల తూటు పడ్డ ఆకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేదని వాళ్లమ్మ మురిపెంగా చెబితే, నేను పెద్దగా పట్టించుకోలేదు. ప్రాజెక్టు సహాయకురాలిగా సారుతో చెప్పి చేర్చుకున్నాను, స్లైడులు కడగడానికీ అడవికి వెంట రావడానికీ పనికొస్తుందని.

కాలేజీ ల్యాబులో ఆమెకు మైక్రోస్కోపు చూడటం నేర్పిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికే ఏడాదిగా, ఆ మడుగు గట్టు నుంచి సారు తెప్పించిన పైపొర బురదతో చేసిన స్లైడులు నేను లెక్కపెడుతున్నాను. కళ్లద్దాలు తీసి పెట్టుకుంటూ, తలనొప్పి మాత్ర వేసుకుంటూ, ఒక్కో స్లైడుకు మూడు వందల పెంకులు. పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి, ఇది ఫలానా, ఇది ఫలానా అని చెబుతున్నాను. అరగంట కూడా కాలేదు.

"అక్కా, ఇవి రెండు ఒక్కటేనంటవా?"

"ఒక్కటే."

"కాదేమో అక్కా. దీనికి నడిమిట్ల గీత సక్కగున్నది. దానికి కొసకాడ వంకర తిరిగింది."

నేను కళ్లద్దాలు తుడుచుకొని చూశాను, ఏమీ కనపడలేదు. వెలుతురు మార్చి చూశాను, లేదు. మూడోసారి, ఊపిరి బిగబట్టి చూస్తే, వెంట్రుకలో సగం సన్నంగా ఆ వంకర కనపడింది. ఏడాదిగా నేను ఒకటిగా లెక్కపెట్టినవి రెండు జాతులు. సరేలే, చూద్దాం అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో ఆమె ఏవో అడుగుతుంటే నాకు తలనొప్పిగా ఉందని కళ్లు మూసుకున్నాను. తలనొప్పి లేదు.

తరువాతి నెలలో సారు వచ్చి చూసి, ఆమె చెప్పిందే నిజమని తేల్చి, "మేడం, మీ గురువు మీ ఇంట్లోనే ఉంది కదా" అని హాయిగా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీద ఎంతసేపు ఉంచుకోవలసి వచ్చిందో నాకు తెలుసు. ఇంట్లో మా ఆయన, మంచిదే కదా, పేరు మన ఇంట్లోనే ఉంటుంది అన్నాడు. ఆయనకు పేరు ఇంటిది, నాకు నాది. మా అత్త అయితే ఇంకొక అడుగు ముందుకు వేసి, నేను పక్కనుండగానే ఫోనులో వాళ్ల చెల్లెలితో, పెద్దదానిది చదువు, చిన్నదానిది తెలివి అన్నది.

పోనీ పనిదొంగా అంటే అదీ కాదు. నాకంటే ముందు లేచి వాకిలి ఊడ్చి, టిఫిన్ డబ్బాలు కట్టి, నా చీర కూడా ఇస్త్రీ చేసి పెట్టేది. ఒక్క వంక దొరికితే ఎంత సుఖంగా ఉండేదో. దొరకనందుకు చిన్న చిన్న పనులు చేశాను, రాయడానికి సిగ్గుగానే ఉంది. వెనక్కి ఆనుకునే కుర్చీ నేను తీసుకొని ఆమెకు కాలు ఊగే స్టూలు వదిలేదాన్ని. లెన్సుకు వేసే నూనె సీసా బీరువాలో పెట్టి తాళం మరిచిపోయి వచ్చానని చెప్పేదాన్ని. శనివారాలు ల్యాబు తెరవడానికి వీల్లేదన్నాను, ఎవరూ అట్లా అనకపోయినా. ఆమె అట్లాగే అక్కా అని మిగతా రోజుల్లో ఇంకో గంట కూర్చునేది.

ఎండాకాలం చివర మడుగు లోతు బురద తేవడానికి పోయాం. టేకులపల్లి దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆపైన నడక. గుట్ట కింది గూడెంలో పెద్దావిడ ఒకామె ఒప్పుకోనిదే మడుగులో ఎవరూ కాలు పెట్టరు. మా యారాలు ఆమె ముందు నేల మీద కూర్చొని వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. ఈ బురద పట్టుకుపోయి ఏం చేసుకుంటారని ఆ పెద్దావిడ అడిగిందట. ఎప్పుడు వానలు పడ్డాయో ఎప్పుడు పడలేదో అందులో తెలుస్తుందని ఈమె చెప్పిందట. దానికి ఆవిడ నోరంతా తెరిచి నవ్వి, ఆ ముచ్చట నన్నడిగితే చెప్పనా, మా అవ్వ చిన్నప్పుడు మడుగంతా ఎండి నెర్రెలిచ్చిందట, నడిమధ్య నిలబడి గడ్డలు తవ్వుకొని తిన్నారట అని చెప్పి, చెప్పులు విప్పి పొమ్మని పంపింది. ఈ మాటలన్నీ మా యారాలు నాకు తెలుగులో చెబుతూ నడిచింది. నా పరిశోధనకు నేనే పరాయిదాన్నన్నట్టు, నా మడుగు దగ్గరికి నన్నెవరో చుట్టంగా తీసుకుపోతున్నట్టు అనిపించింది.

వెదురు తెప్ప మీద నిలబడి గూడెం మగవాళ్లు నలుగురు పొడుగాటి ప్లాస్టిక్ పైపును బురదలోకి దిగగొట్టి, పైకొస బిరడా బిగించి లాగారు. నిండుగా వచ్చింది. అంత పొడుగు జీపులో పట్టదని గట్టు మీదే రంపంతో రెండు ముక్కలు కోశాం. కోసిన చోట నల్లటి పొర ఒకటి పడింది, ఎన్నడో కుళ్లిన ఆకుల పొర, సగం పై ముక్కలో, సగం కింది ముక్కలో. నేను చూశాను, వేలితో తాకి చూశాను కూడా. రెండు ముక్కలకూ మూతులు కట్టి, ఏ కొస పైదో తెలిసేటట్టు మా యారాలు స్కెచ్ పెన్నుతో బాణం గుర్తులు వేసింది. కిందికి దిగేటప్పుడు చెప్పాపెట్టకుండా వాన ముంచుకొచ్చింది. వాళ్లమ్మగారింటికి చేరేసరికి ఒక పైపు మీది గుర్తు కడుక్కుపోయింది. ఒళ్లు తుడుచుకుంటూ ఆమె గుర్తు తెచ్చుకొని మళ్లీ బాణం వేసింది.

ఖమ్మం వచ్చాక పై ముక్కను ఇద్దరం కలిసి కోశాం. కోయడమంటే పైపును నిలువునా చీల్చి, లోపలి బురదను సెంటీమీటరు చొప్పున ముక్కలు చేసి, కవర్లలో వేసి నంబర్లు రాయడం. రెండోది కోయవలసిన నాడు ఆమె తమ్ముడి నిశ్చితార్థానికి పుట్టింటికి పోయింది. నేనొక్కదాన్నే కూర్చొని పైపు తెరిచాను. బాణం చూపిస్తున్న కొసలో పసుపుపచ్చటి గరుకు మట్టి ఉంది. రెండో కొసలో, అడుగు అని అనుకోవలసిన చోట, పై ముక్కకు అతుక్కొని ఉండవలసిన నల్లపొర ఉంది.

ఒక్క చూపులో అర్థమైంది. వానలో చెరిగిన బాణం తలకిందులుగా పడింది. నంబర్లు అటునుంచి మొదలుపెడితే సరిపోతుంది, రెండు నిమిషాల పని. కత్తి చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. బయట కారిడార్‌లో మా ప్రిన్సిపాల్ ఎవరితోనో, ఆ కొత్తమ్మాయి చాలా చురుకంట కదా అంటూ పోయాడు. అంతే. నేను బాణం వైపు నుంచే ఒకటి, రెండు అని నంబర్లు రాసుకుంటూ పోయాను. నోటుబుక్కులో మాత్రం, చదువుకున్న బుద్ధి అబద్ధం రాయనివ్వక, బాణం వైపు పసుపు గరుకు మట్టి, అడుగున నల్లపొర అని రాశాను. తను వచ్చాక చెబుతాలే అనుకున్నాను. వచ్చింది, నిశ్చితార్థం లడ్డూలు నా చేతిలో పెట్టింది. రేపు చెబుతాలే అనుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఆ కాలు ఊగే స్టూలు మీద కూర్చొని ఒక్కో కవరులోని బురదను మందులో ఉడికించి, కడిగి, స్లైడు చేసి, లెక్కపెట్టి, ఎర్రా నీలం పెన్సిళ్లతో గీతల పటం గీసింది. ఎదురు బల్ల మీద నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ చూసేదాన్ని. చెప్పడానికి ప్రతిరోజూ వీలుండేది. చెప్పకుండా గడిచిన ప్రతిరోజూ మర్నాడు చెప్పడాన్ని ఇంకాస్త కష్టం చేసేది. మీలో ఎవరికైనా ఇట్లాంటి రోజులుంటే తెలుస్తుంది, ముల్లు దిగిన కాలితో నడవడం అలవాటైపోతుంది.

యూనివర్సిటీలో సెమినారు పెట్టారు. సారు చొరవ తీసుకొని, లెక్కలన్నీ చేసింది ఆ అమ్మాయే కాబట్టి ఆమే చెప్పాలన్నారు. ఆకుపచ్చ నేత చీర కట్టుకొని బాగానే మొదలుపెట్టింది. సగంలో, బయటినుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన చెయ్యెత్తాడు. ఈ పొర దాకా నీళ్లు మెల్లగా తగ్గుతూ వచ్చిన మడుగు, మరుసటి సెంటీమీటరులోనే నిండుగా ఎట్లా ఉంది, ఇది మడుగులో జరిగిందా, మీ బల్ల మీద జరిగిందా అని అడిగాడు. ఆమె పటం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. సారు మొహం ఎర్రబడింది. కన్ను చురుకైతే చాలదు, చేతికి శ్రద్ధ ఉండాలని అందరి ముందూ అన్నారు. తరువాత రెండో వరుసలో కూర్చున్న నా వైపు తిరిగి, పైపులు కోసింది మీరే కదా మేడం అన్నారు.

"గుర్తులు పెట్టింది తను సార్" అన్నాను.

ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జన్మలో నేనాడిన పెద్ద అబద్ధం అదే.

తిరుగు ప్రయాణంలో ఆమె బస్సు కిటికీ పక్కన కూర్చుంది. మధ్యలో బస్సు ఆగినప్పుడు మిరపకాయ బజ్జీలు కొని ఇస్తే తీసుకొని తిన్నది. తరువాత పది రోజులు ల్యాబుకు రాలేదు. మొదటి రెండు రోజులు నాకు సంతోషం వేసింది. ఉన్నమాట రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను, మండే కంటికి తడిగుడ్డ వేసుకున్నట్టు చల్లటి సంతోషం. మూడోనాడు మంచి కుర్చీలో కూర్చొని, మైక్రోస్కోపులో కళ్లు పెట్టి, నాకు ఎప్పుడూ కనపడేవి మాత్రమే చూశాను. ఏది వంకరో ఏది చక్కనో చెప్పే మనిషి లేదు.

పదకొండోనాడు పొద్దున వంటింట్లో నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. ఆమె వచ్చి ఎదురుగా పీట వేసుకొని కూర్చొని, ఇంకో కాయ అందుకొని చెక్కు తీయడం మొదలుపెట్టింది.

"అక్కా, రెండో పైపు తలకిందులైంది."

నేను చెక్కు తీస్తూనే ఉన్నాను.

"లెక్క కాయితాలు మొత్తం గదిల నేలమీద పరిచి చూసిన. కిందియి తిరగేసి పెడితే పైవాటితోటి అంచుకు అంచు కలిసింది. బాణం నేనే తప్పు గీసిన."

"అట్లనా" అన్నాను.

"నీ నోటుబుక్కుల నల్లపొర అడుగున్నదని రాసే ఉన్నది. నేనే చూస్కోలె."

ఆమె తల ఎత్తలేదు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, ఏమీ లేదు. బీరకాయ ముక్కలు గిన్నెలో వేసి, చేతులు కడుక్కొని లేచి పోయింది. నాకు తెలుసని తనకు తెలుసా, లేక నిజంగానే తన తప్పనుకున్నదా, ఆ ఒక్క సంగతి తెలియక నేనెన్నేళ్లు నలిగానో చెప్పలేను. అత్త ఎదుట, చుట్టాల ఎదుట, ఆమె నన్ను అక్కా అని పిలిచిన ప్రతిసారీ ఆ పిలుపును అటూ ఇటూ తిప్పి చూసేదాన్ని, అడుగున ఇంకేమైనా ఉందా అని.

సరిచేసిన పటాన్ని సారు అచ్చుకు పంపించారు. వ్యాసం అచ్చయినప్పుడు ఆమె పేరు ముందూ నా పేరు వెనకా వేశారు. ఆయనే దగ్గరుండి ఆమెను ఎమ్మెస్సీలో చేర్పించారు, ఆపైన పీహెచ్‌డీ, ఆపైన ఉత్తరాదిలో ఒక సంస్థలో ఉద్యోగం. బ్యాంకులో పనిచేసే మా మరిది ఆమె వెంట బదిలీ చేయించుకున్నాడు. నేను మాత్రం నా పరిశోధన సగంలో వదిలేశాను. కళ్లు సహకరించలేదని అందరికీ చెప్పాను. సారు పోరు పెట్టలేదు, మా ఆయన కారణం అడగలేదు. అడగకపోవడం కూడా ఒక రకం అవమానమేనని అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఎన్నో బ్యాచ్‌ల పిల్లలకు నాచు గురించి పాఠం చెప్పాను. డయాటమ్‌ల దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద పుస్తకం మూసి, మిగతాది మీరు చదువుకోండి అనేదాన్ని.

నేను రిటైరైన రోజు కాలేజీలో చిన్న సభ పెట్టారు. పిలిచినా రాదనుకున్న మా యారాలు రెండు రైళ్లు మారి వచ్చింది. వేదిక మీద ఆమెను మాట్లాడమంటే, ఈ కాలేజీలోనే, మా అక్క పక్కన కూర్చొనే మొదటిసారి మైక్రోస్కోపులో చూశానని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలవాళ్లు నన్ను కాదు, ఆమెను నడుమ నిలబెట్టారు. నా రిటైర్మెంటు నాడు కూడా.

ఇంటికొచ్చాక చుట్టాలందరూ హాల్లో కూర్చొని ఉండగా, మేమిద్దరం వంటింట్లో చాయ్ గ్లాసులు కడుగుతున్నాం. అత్త అప్పటికి లేదు. పొద్దుటినుంచీ చెప్పాలనుకుంటున్నది ఇంక ఆగలేదు.

"చెల్లె, ఆ రెండో పైపు కోసిననాడే నాకు తెలుసు."

ఆమె కడుగుతున్న గ్లాసు బోర్లించింది. ఇంకోటి తీసుకుంది.

"తెలుసక్కా."

"ఎప్పటి సంది?"

"నీ నోటుబుక్కు చూసిన కాడి సంది. నల్లపొర అనేదాని కింద రెండుసార్లు గీత గీసినవు. తెల్వనోళ్లు గీత గియ్యరు."

గీత గీసిన సంగతి నాకే గుర్తు లేదు. ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు ఏడుస్తవు, అత్త తిడ్తది, వంటిల్లు రెండైతది. నాకు ఆ మైక్రోస్కోపు కావాలె. నీ చేతులనే ఉండె గద తాళం. అందుకే అడగలె."

నీళ్లు పారుతున్నాయి. నేను కొళాయి కట్టేశాను.

"మరి కోపం పోయిందా?"

ఆమె నా వైపు తిరిగి చూసింది. ఒకప్పుడు లెన్సులో రెండు పెంకులను పక్కపక్కన చూసి ఇవి ఒకటా రెండా అని తేల్చుకునేటప్పుడు ఆమె మొహం అట్లాగే ఉండేది.

"పోయిందంటే అబద్ధమైతది అక్కా. సగం పోయింది" అని, చీర కొంగుతో చేతులు తుడుచుకొని, చుట్టాలు ఎదురుచూస్తున్నారని హాల్లోకి నడిచింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు పశ్చాత్తాపం కంటే ముందు వచ్చింది అసూయే. అన్నేళ్లు మోసి, నలిపి, వంకలు పెట్టి నేను చెప్పుకోలేకపోయినదాన్ని ఆమె నాలుగు మాటల్లో, ఎక్కువా తక్కువా కాకుండా తూచినట్టు చెప్పి పోయింది. క్షమించానని చెప్పి ఉంటే ఎంత బాగుండేది, ఆమె మంచితనం చూసి ఇంకా కొన్నాళ్లు కుళ్లుకునేదాన్ని. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. పడగొట్టి అయిదు అంతస్తులు కట్టారు. అందులో ఏ అంతస్తులోనూ ఇద్దరు కోడళ్లు ఒక వంటింట్లో నిలబడే అవసరం లేదు. మంచిదే. నా కోడలికి అట్లాంటి బతుకు రావాలని నేను కోరుకోను. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఎవరిని చూసి ఓర్వలేకపోయేవాళ్లమో ఆ మనిషికే జ్వరమొస్తే జావ కాచి పెట్టేవాళ్లం, పురిటికి తోడు వెళ్లేవాళ్లం, పొద్దున కుళ్లుకొని మధ్యాహ్నం ఆమె కలిపిన పచ్చడే రెండోసారి వేయించుకునేవాళ్లం. అసూయకు కూడా ఇంట్లో ఒక పీట ఉండేది. రోజూ రాసుకొని రాసుకొని దాని అంచులు అరిగేవి. ఇప్పటివాళ్లు ఎన్నడూ కలిసి అన్నం తినని వాళ్లను చూసి, ఎక్కడెక్కడో ఉన్నవాళ్ల నవ్వులు చూసి కుళ్లుకుంటారు. ఆ మంట అరగడానికి చోటే లేదు. నాకు ఆమె పేరు మీదా, తిరిగిన కొండల మీదా ఉన్న అసూయ ఇంక పెద్దగా మిగల్లేదనే అనుకుంటాను. మిగిలిందల్లా, పొద్దున లేచి బీరకాయ చెక్కు తీసేటప్పుడు ఎదురుగా కూర్చొని ఇంకో కాయ అందుకునే ఆమె చేతులు ఇవాళ ఏ ఊళ్లో, ఎవరి పక్కన పనిచేస్తున్నాయో వాళ్ల మీద ఉన్నదే.